బద్ద మాట వినండి

మోడల్ రేసు పడవలు నడిపేవాళ్లు కలిసినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే, ఇంకా చెక్కతోనే ఎందుకు కడుతున్నావని. అచ్చులో తీసిన ఫైబర్ గ్లాస్ హల్, అంటే పడవ తొట్టి, రెడీమేడ్‌గా దొరుకుతుంది, ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంటే ఫైల్ పెట్టి వదిలేస్తే నాలుగైదు రోజుల్లో ముక్కలన్నీ వచ్చేస్తాయి, అవన్నీ కాదనుకుని రెండు నెలల పాటు సాయంత్రాలన్నీ కూర్చుని వేలెడు వెడల్పు కూడా లేని బద్దలు ఒక్కొక్కటీ అతికించుకోవడం ఏంటి, పాతకాలం మీద మోజు కాకపోతే అని. మోజు కాదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పలేక ఊరుకుంటున్నా కాబట్టి ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. రేసు పడవ అడుగు అలాగే ఎందుకుంటుందో తెలియాలంటే మొదటి హల్ చెక్కతో సొంతంగా కట్టుకోవాలి. అలా కట్టింది రేసులో వెనకబడదు కూడా.

ముందు ఆ వెనకబడడం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చెక్క అనగానే అందరూ అనే మొదటి మాట బరువు. నేను కట్టేవి తెరచాప పడవలు, ఇంటర్నేషనల్ వన్ మీటర్ క్లాస్, అంటే ఒకే రూల్స్‌తో పోటీపడే పడవల తరగతి, అందరూ ఐఓఎం అంటారు, 1988లో మొదలైంది. రూల్స్ ప్రకారం హల్ పొడవు 1000 మిల్లీమీటర్లు దాటకూడదు, నీళ్లలోకి దిగే పడవ మొత్తం బరువు 4 కిలోలకి తగ్గకూడదు, అందులో కింద రెక్కలా దిగే ఫిన్నూ దాని చివర సీసం గుండూ కలిపి 2.2 నుంచి 2.5 కిలోల మధ్య ఉండాలి. హల్‌లో కార్బన్ ఫైబర్ నిషేధం, చెక్కకి అనుమతి ఉంది, గ్లాస్ ఫైబర్‌కీ ఉంది. ఇప్పుడు లెక్క చూడండి. గుండూ ఫిన్నూ 2.5 కిలోలు తీసేస్తే మిగతా వాటన్నిటికీ కిలోన్నర మిగులుతుంది. నా హల్స్ కొలిస్తే పైన మూసే డెక్ కాకుండా చర్మం వైశాల్యం సుమారు 0.3 చదరపు మీటర్లు. బల్సా అనే తేలిక చెక్క ఘనపు మీటరు 160 కిలోల దగ్గర ఉంటుంది, 3 మిల్లీమీటర్ల మందం వేసుకుంటే 144 గ్రాములు. ఎర్ర సెడార్ అయితే ఘనపు మీటరు 370 కిలోలు, దాన్ని 2 మిల్లీమీటర్లకి దింపితే 222 గ్రాములు. పైన చదరపు మీటరు 48 గ్రాముల గ్లాస్ క్లాత్ ఒక పొర, అంటే గుడ్డ 15 గ్రాములు, దాన్ని అతికించే ఎపాక్సీ రెసిన్ ఇంకో 20, 25. ఎలా చూసినా 280 లోపే. నా రెండో పడవ అన్నీ బిగించి తూకం వేస్తే 3940 గ్రాములొచ్చింది, రూల్ కోసం లోపల 60 గ్రాముల సీసం అతికించా. కనీస బరువు రూలు ఉన్న క్లాస్‌లో చెక్క బరువు అనే వాదనకి కాళ్లు లేవు. అన్ని క్లాసులూ ఇలా ఉండవు, అదీ చెప్పాలి. 1930లో మొదలైన మార్బుల్‌హెడ్ క్లాస్‌లో బరువుకి అలాంటి కింది హద్దు లేదు, అక్కడ ఈనాటి కార్బన్ హల్‌కి చెక్క సాటి రాదు, ఒప్పుకుంటా.

సరే, బరువు కాదు. మరి ఏది ముఖ్యం అంటే ఆకారం, అందులోనూ వంపు. మీటరు పడవ నీళ్లని తోసుకుంటూ వెళ్తే తన చుట్టూ అలలు లేపుతుంది, అల పొడవుకీ వేగానికీ ముడి ఉంది, సెకనుకి 1.25 మీటర్లు వెళ్లేటప్పుడు లేచే అల పొడవు సరిగ్గా 1 మీటరు, అంటే పడవంత పొడవు. అక్కడికొచ్చాక పడవ తను లేపిన అల మధ్యలో తనే ఇరుక్కుంటుంది, ఇంకొంచెం వేగం కావాలంటే గాలి చాలా ఎక్కువ తోయాలి. మన రేసులో ఎక్కువ సమయం గడిచేది ఆ వేగం చుట్టుపక్కలే. విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ 1867లో చిన్న నమూనాలు నీళ్లలో లాగి చూశాడు, ఒకటి మొనదేలిన చివర్లతో, ఇంకోటి లావుగా గుండ్రటి చివర్లతో, ఒకదాని పేరు రేవన్, ఇంకోదాని పేరు స్వాన్. తేలిందేంటంటే అన్ని వేగాల్లోనూ గెలిచే ఆకారం లేదు, ఒక వేగంలో ఇది బాగుంటే ఇంకో వేగంలో అది బాగుంది. తర్వాత 1872లో ఇంగ్లండ్‌లోని టార్కీలో పెద్ద నీళ్ల తొట్టి కట్టించి మైనంతో చేసిన నమూనాలు లాగుతూ ఈ లెక్కలన్నీ స్థిరపరిచాడు. ఇవాళ్టికీ నౌకల నమూనా పరీక్షలకి ఆధారం ఆయన వేసిన దారే. మన మీటరు పడవ ఆ తొట్టిలో లాగిన నమూనాలాంటిదే అని గుర్తొచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది, ఇది పెద్ద పడవకి బొమ్మ కాదు, దీని భౌతికశాస్త్రం దీనికే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ప్లాన్ కొన్నారనుకోండి, డౌన్‌లోడ్ చేశారనుకోండి, అందులో ఏముంటుంది? 100 మిల్లీమీటర్లకొకటి చొప్పున తొమ్మిది అడ్డకోతలు, పక్క నుంచి చూసిన గీత, పై నుంచి చూసిన గీత. అంతే. ఒక కోతకీ ఇంకో కోతకీ మధ్య ఉన్న 100 మిల్లీమీటర్లలో పడవ ఎలా ఉండాలో ఆ కాగితం మీద లేదు. మరి అక్కడ ఎవరు గీస్తారు? బద్ద గీస్తుంది. సన్నటి, ముడులు లేని, నార నిటారుగా ఉన్న బద్దని మూడు నాలుగు చోట్ల ఆనించి వదిలేస్తే అది ఎక్కడా విరుపు లేకుండా, తనని వంచడానికి అతి తక్కువ శక్తి పట్టే దారిలో వంగుతుంది. మనం చెప్పక్కర్లేదు, దానికే తెలుసు. ఓడలు కట్టేవాళ్లు ఈ గుణంతోనే పెద్ద పెద్ద గీతలు గీసేవాళ్లు, పల్చటి బద్దని సీసం బరువులతో అక్కడక్కడా పట్టి ఉంచి దాని వెంట పెన్సిల్ లాగేవాళ్లు. ఆ బద్దనే స్ప్లైన్ అనేవాళ్లు. 1946లో షోయెన్‌బర్గ్ అనే గణితవేత్త బిందువుల మధ్య నునుపుగా సాగే వక్రరేఖలకి పేరు పెట్టాల్సొచ్చినప్పుడు ఆ బద్ద పేరే పెట్టాడు. ఇవాళ కంప్యూటర్‌లో హల్ డిజైన్ చేసేటప్పుడు స్క్రీన్ మీద గీత నున్నగా వంగుతుందే, దాని మూలం ఆ చెక్క ముక్క. చెక్కతో కట్టేవాడు పాత పద్ధతి పట్టుకుని వేలాడుతున్నాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. సాఫ్ట్‌వేర్ ఏ వస్తువు ప్రవర్తనని లెక్కల్లో పెట్టుకుందో ఆ వస్తువు నా చేతిలోనే ఉంది.

కట్టడం గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే నా వాదన అంతా ఆ పనిలోనే ఉంది.

ప్లాన్ ప్రింట్ తీసినప్పుడు ముందు స్కేల్ పెట్టి కొలవండి, ఫిట్ టు పేజ్ టిక్ ఉండిపోతే ప్రింటర్ బొమ్మని కొంచెం కుదించేస్తుంది, ప్లాన్ మీద 100 మిల్లీమీటర్ల గీత ఉంటే అది 100 వచ్చిందో లేదో చూసి గానీ కత్తెర ముట్టుకోవద్దు. రెండోది, ప్లాన్ మీద గీత హల్ బయటి అంచుదైతే ఫ్రేము, అంటే ఒక్కో అడ్డకోత ఆకారంలో కోసి బద్దలు ఆనించే పలక, బద్ద మందమంత లోపలికి కోసుకోవాలి. 3 మిల్లీమీటర్లే కదా అని అన్ని ఫ్రేములకీ 3 తీస్తారు, మధ్యలో సరిపోతుంది, ముక్కు దగ్గర హల్ ఏటవాలుగా సన్నబడుతుంది కాబట్టి 30 డిగ్రీల వాలు ఉన్నచోట అది 3.5 దగ్గర పడుతుంది. ఆ అర మిల్లీమీటరు వదిలేస్తే ముక్కు వెనకాల చిన్న భుజంలా ఉబ్బుతుంది. తర్వాత మట్టసంగా ఉన్న 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక మీద మధ్య గీత గీసి, ఫ్రేములు తలకిందులుగా నిలబెట్టి, మూలమట్టంతో చూసుకుంటూ అతికించడం. ఇదంతా ఓపిక పని, ఇందులో కొత్తగా చెప్పేదేం లేదు.

బద్దలు వేసే ముందు ఒక పని మాత్రం చేయండి. ఒక్క పొడుగాటి బద్ద తీసుకుని ఫ్రేముల మీద అటూ ఇటూ వేసి చూడండి, మధ్యలో, అంచు దగ్గర, ఐమూలగా. అన్ని ఫ్రేముల్నీ ఒకేసారి తాకాలి. ఎక్కడైనా ఫ్రేముకీ బద్దకీ మధ్య వెలుతురు కనిపిస్తే ఆ ఫ్రేము తగ్గింది, ఎక్కడైనా బద్ద ఎగిరి పక్క ఫ్రేముల్ని తాకకపోతే ఆ ఫ్రేము ఎక్కువైంది. నా మూడో హల్‌లో నాలుగో ఫ్రేము 0.7 మిల్లీమీటర్లు ఎక్కువని నాకు బద్దే చెప్పింది, ప్లాన్‌తో పోల్చి చూస్తే ఫ్రేము కొలత కరెక్టే, ప్లాన్‌లోనే గీత తేడాగా ఉంది. అప్పుడు ఎవరి మాట వినాలి? నేను బద్ద మాట విన్నా, ఫ్రేము అరగదీశా. ఇది చాలామంది ఒప్పుకోరు, డిజైనర్ గీసింది మార్చడానికి నువ్వెవరు అంటారు. డిజైనర్ కూడా అక్కడ గూని ఉండాలని గీయలేదు కదా.

బద్దల వెడల్పు లెక్క. మధ్య ఫ్రేము మీద సగం చుట్టుకొలత 128 మిల్లీమీటర్లు అనుకుంటే 8 మిల్లీమీటర్ల బద్దలు 16 పడతాయి. ముక్కు దగ్గర అదే సగం చుట్టుకొలత 64 ఉంటే, అక్కడా ఆ 16 బద్దలే పట్టాలి, అంటే ఒక్కోటీ 4 మిల్లీమీటర్లకి సన్నబడాలి. కాబట్టి ప్రతి బద్దనీ మధ్య నుంచి చివరికి చిత్రిక పట్టి సన్నం చేయాలి. ఇది విసుగు పని, దీన్ని తప్పించుకుందామని అందరికీ అనిపిస్తుంది, సన్నం చేయకుండా పూర్తి వెడల్పు బద్దని పక్కకి బలవంతంగా వంచి ముందు బద్దకి ఆనించి సూపర్ గ్లూ చుక్క వేస్తే రెండు సెకన్లలో పట్టేస్తుంది, పని అయిపోయినట్టే ఉంటుంది. అవ్వదు. బద్ద పల్చటి వైపుకి ఎంతైనా వంగుతుంది, వెడల్పు వైపుకి వంగదు, వంచితే ఫ్రేము దగ్గర మాట విన్నట్టు నటించి రెండు ఫ్రేముల మధ్య మెలి తిరిగి పైకి లేస్తుంది. అలాంటివి నాలుగు వరసగా పడితే హల్ మీద చెయ్యి వేస్తే పక్కటెముకల్లా తగులుతాయి. అప్పుడు పుట్టీ డబ్బా తీస్తారు. గుంతల్లో పుట్టీ నింపుతారు, ఆరాక అరగదీస్తారు, పుట్టీ గట్టిది, బల్సా మెత్తది, కాగితం మెత్తదాన్నే ఎక్కువ తింటుంది, కొత్త గుంతలు పడతాయి, మళ్లీ పుట్టీ. నేను చూసిన బరువైన చెక్క హల్స్ అన్నీ పుట్టీ వల్ల బరువైనవే, చెక్క వల్ల కాదు. ఒక బద్ద కూర్చోనంటే దాన్ని తీసేసి ఇంకాస్త సన్నం చేయండి, వేడి నీళ్లలో నానబెట్టి టేపుతో ఫ్రేముల మీద కట్టి రాత్రంతా ఆరనివ్వండి, పొద్దున విప్పితే ఆ ఆకారంలోనే ఉంటుంది, అప్పుడు జిగురు పెట్టండి. జిగురు కూడా, బద్దకీ బద్దకీ మధ్య చెక్క పనికి వాడే తెల్లదో పసుపుదో వాడండి, సూపర్ గ్లూ గట్టిపడి సన్నటి గట్లలా మిగిలిపోతుంది, వాటి రెండు పక్కలా చెక్క అరిగి అవి మాత్రం అరగవు.

నా మొదటి హల్ గురించి చెప్పాలి. అప్పుడు ఎడమ వైపు బద్దలన్నీ వరసగా వేసేశాను, చెయ్యి అలవాటైంది కదా ఆ వైపు పూర్తి చేసి కుడి వైపు మొదలుపెడదాం అనుకున్నా. ప్రతి బద్దా వంగి ఉంటుంది, తిరిగి నిటారుగా అవ్వాలని లాగుతూనే ఉంటుంది, ఒక వైపు 16 బద్దలు అలా లాగుతుంటే మధ్యలో ముక్కు నుంచి వెనక దాకా వెన్నెముకలా ఉన్న కీల్ తట్టుకోలేదు. ఫ్రేముల మీద నుంచి విప్పాక మధ్య గీతకి దారం లాగి చూస్తే ముక్కు 6 మిల్లీమీటర్లు పక్కకి పోయింది. రెండు నెలల పని. ఆ పడవని పూర్తి చేసి నీళ్లలో వదిలా కూడా, గాలి ఒక వైపు నుంచి వస్తే బాగానే వెళ్లేది, ఇంకో వైపు నుంచి వస్తే ఎప్పుడూ చుక్కాని కొంచెం తిప్పి పట్టుకోవాల్సొచ్చేది, తిప్పిన చుక్కాని అంటే బ్రేకు లాంటిదే. ఒక సీజన్ అంతా అలాగే నడిపా. ఎడమ ఒకటి వేస్తే కుడి ఒకటి వేయాలి అనేది ప్రతి చోటా రాసి ఉంటుంది, నేనూ చదివా, కానీ ఆ ఒక్క వాక్యం వెనక ఎంత బలం ఉందో నాకు ఆ ముక్కు చూశాకే తెలిసింది.

తర్వాత సాండింగ్. ఇక్కడ నాకు చాలామందితో పేచీ. అద్దంలా మెరవాలని 2000 నంబర్ కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, వేలితో రాస్తే జారిపోయేలా చేస్తారు. మన పడవ వేగం సెకనుకి 1.2 మీటర్ల దగ్గర, ఆ వేగానికి సుమారుగా లెక్కేస్తే 0.08 మిల్లీమీటర్ల కంటే చిన్న గరుకు హల్‌ని ఆనుకుని నెమ్మదిగా కదిలే నీటి పొరలోనే మునిగిపోతుంది, పడవకి తెలియను కూడా తెలియదు. 400 నంబర్ కాగితం మీద రేణువు సుమారు 0.035 మిల్లీమీటర్లే, అంటే దాంతో ఆపేసినా చాలు. నీటికి తెలిసేది మెరుపు కాదు, వంపు. ఫ్రేముల మధ్య చెయ్యి పెడితే తెలిసే లోతు, మెరిసే పెయింట్ కింద ఉన్నా లోతే. అందుకని చిన్న ముక్క కాగితం వేళ్లతో పట్టుకుని రుద్దకండి, వేళ్లు గుంతలోకి దిగి దాన్ని ఇంకా లోతు చేస్తాయి. 1.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క 300 మిల్లీమీటర్ల పొడవు కోసి దానికి కాగితం అతికించండి, అది హల్‌తో పాటు వంగుతుంది కానీ గుంతలోకి దిగదు. హల్ అంతా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసి, ఐమూలగా ఒకసారి అటు, ఒకసారి ఇటు రుద్దితే ఎత్తైన చోట గీతలు పోతాయి, లోతులో మిగులుతాయి. గదిలో లైట్లు ఆపేసి ఒక్క లైట్ పక్క నుంచి పెట్టి చూడండి. ఆ తర్వాత కళ్లు మూసుకుని అరచేత్తో ముక్కు నుంచి వెనక్కి ఒక్కసారి నిమరండి. కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది, మూడో హల్‌కి వచ్చేసరికి నాకు కొలిచే పని దాదాపు తప్పింది. మాస్క్ మాత్రం తప్పనిసరి, ఎర్ర సెడార్ పొడిలో ప్లికాటిక్ యాసిడ్ అని ఉంటుంది, దాంతో ఆస్తమా వచ్చినవాళ్లున్నారు.

గ్లాస్ క్లాత్, ఎపాక్సీ గురించి ఎక్కువ చెప్పను. కొంచెం కొంచెం కలపండి, కప్పులో ఎక్కువ కలిపి వదిలేస్తే దానికదే వేడెక్కి పొగలొస్తాయి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, అలర్జీ ఒకసారి మొదలైతే పోదు. ఆరాక పైన జిడ్డులా ఉంటే నీళ్లతో కడిగి గానీ రుద్దొద్దు. లోపల కూడా పల్చగా ఒక పూత వేయండి, బయట ఎంత సీల్ చేసినా డెక్ నుంచి కారిన నీళ్లు లోపలి నుంచి చెక్కలోకి వెళ్తాయి. ఫిన్ పెట్టే పెట్టె మాత్రం తూకం గుండు కట్టి నిటారుగా చూసుకుని బిగించాలి, హల్ ఇంత కష్టపడి కట్టి ఫిన్ వంకరగా పెడితే బాధ.

ప్రింటర్ సంగతికి వద్దాం. ప్రింటర్ వాళ్ల వాదనలో నిజం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను. ప్రింటర్‌లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ సాంద్రత నీటికి 1.24 రెట్లు, అంటే 0.8 మిల్లీమీటర్ల గోడతో అదే 0.3 చదరపు మీటర్లు చేస్తే 300 గ్రాములు, చెక్క కంటే కాస్త ఎక్కువే అయినా పెద్ద తేడా కాదు. ఎడమా కుడీ అచ్చు ఒకేలా వస్తాయి, నా మొదటి హల్‌కి జరిగింది దానికి జరగదు. వచ్చే నెలలో రేసు ఉంది, పడవ లేదు అంటే నేనే చెప్తా, ప్రింట్ చేసుకో, లేదా అచ్చు హల్ కొనుక్కో అని. కానీ పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో వదిలితే ఆకారం నమ్మలేం. దానికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటి. ప్రింటర్‌లో తప్పు ఎక్కడుందో మీ చేతికి తెలియదు. ఫైల్‌లో ఉన్నది వస్తుంది, అది మంచిదో కాదో చెప్పగల కన్ను మీకు ఇంకా రాలేదు, రావడానికి అవకాశం కూడా ఇవ్వలేదు. రేసులో వెనకబడ్డప్పుడు తెరచాప మార్చాలా, బరువు జరపాలా, హల్‌లోనే ఏదైనా ఉందా అని ఆలోచించాల్సొస్తుంది, ఒక్క హల్ అయినా బద్ద బద్దగా కట్టినవాడు ఆ మూడోది కూడా అడగగలడు.

నా ఫ్రెండ్ ఒకడు పోయిన నెల ప్రింట్ చేసిన హల్ పట్టుకొచ్చాడు. వాడి ప్రింటర్ చిన్నది, మీటరు పడవ ఐదు ముక్కలుగా తీసి అతికించాడు, పైన ప్రైమర్, పెయింట్, చూడ్డానికి చాలా బాగుంది, నిజంగానే మెచ్చుకున్నా. బల్ల మీద నాలుగో హల్ కోసం తీసిపెట్టిన సెడార్ బద్దలున్నాయి. ఒకటి తీసి వాడి హల్ అడుగున నిలువుగా వేశా, రెండు చివర్లా వేళ్లతో మెల్లగా పట్టుకున్నా. రెండో ముక్కా మూడో ముక్కా కలిసిన చోట బద్ద కూర్చుంది, దానికి రెండు పక్కలా సన్నటి వెలుతురు. వాడు వంగి చూశాడు, ఏం మాట్లాడలేదు. "ఏది, ఆ బద్ద ఇటివ్వు" అని తీసుకుని పక్కకి జరిపి వేశాడు, ఐమూలగా వేశాడు, అక్కడే కూర్చుంటోంది. అరగంట అలా చూస్తూనే ఉన్నాడు, పెన్సిల్ అడిగి ఆ అతుకు చుట్టూ గీత గీసుకున్నాడు. వెళ్లేటప్పుడు హల్ చంకలో పెట్టుకుని, తలుపు దగ్గర ఆగి, ఈ బద్ద ఏం చెక్క అని అడిగాడు. సెడార్ అని చెప్పి, ముడి లేనివి చూసి రెండు తీసిచ్చా.